ప్రింటు తీస్తే చేతిపని కాకుండా పోద్దా ఎడిటర్ గారూ?

ఎడిటర్ గారికి నమస్కారమండి.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, ఈమధ్య పిల్లలు గ్రీటింగ్ కార్డు చేత్తో చేశాం అని చూపిస్తున్నారు గానీ అందులో బొమ్మ చూస్తే నెట్‌లో డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసిందే, కత్తిరించి అతికించడం కూడా ఒక కళేనా అని. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు గానీ నేను సామర్లకోటలో జిరాక్స్ షాపు నడుపుతున్న మనిషిని, ఆ ప్రింట్లు తీసి ఇచ్చేది నేనే, కాబట్టి ముద్దాయి తరఫున నాలుగు ముక్కలు చెప్పుకునే హక్కు నాకుందనుకుంటున్నాను. ఉత్తరం కాస్త పెద్దదైపోయింది, మీకు ఎంత కావాలో అంత కత్తిరించుకోండి, కత్తిరింపులు మాకు అలవాటే.

మా చిన్నప్పుడు డిసెంబరు వచ్చిందంటే పుస్తకాల షాపు ముందు పురికొస కట్టి బట్టలారేసినట్టు గ్రీటింగ్ కార్డులు ఆరేసేవాళ్లు, సినిమా హీరోలవి ఓ వరస, గులాబీలవి ఓ వరస, ఇక సంక్రాంతివైతే హరిదాసు, గంగిరెద్దు, ముగ్గు ముందు పట్టు పరికిణీ కట్టుకున్న పిల్ల. ఆ బొమ్మ ఎవరు గీశారో మనకి తెలీదు, లోపల శుభాకాంక్షలు కూడా వాళ్లే అచ్చేసేవాళ్లు, మనం చేసేదల్లా కింద ఇట్లు అని రాసి సంతకం పెట్టడం, అయినా అది అందుకున్నవాళ్లు ఇది నువ్వు చేసింది కాదుగా అని ఎప్పుడూ అనలేదండి, ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్ల గీతల బొమ్మ ఒకటి ప్రింటు తీయించుకుని రెండు రోజులు కూర్చుని కలర్ పెన్సిళ్లతో నింపి, అంచులు చిన్న కత్తెరతో కత్తిరించి, లోపల సొంత మాట రాసి తాతగారికి పోస్టు చేస్తే దానికి మాత్రం పరీక్ష పెడుతున్నాం.

అసలు ఈ కార్డు అనే వస్తువు పుట్టుకే అలాంటిదండి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయనకి క్రిస్మస్‌కి అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక జాన్ హార్స్‌లీ అనే ఆర్టిస్టు చేత ఒక బొమ్మ గీయించాడు, దాన్ని వెయ్యి కాపీలు లితోగ్రాఫ్ అనే రాతి అచ్చు వేయించి, ఆ అచ్చైనవాటికి మళ్లీ చేత్తో రంగులు వేయించాడు. తను వాడుకోగా మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకి అమ్మకానికి పెట్టారు. అమ్మకానికొచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదేనంటారు. గీత అచ్చుది, రంగు చేతిది. ఇవాళ నా షాపు బల్ల మీద జరిగేది కూడా అదే కదండీ, కాకపోతే లితో రాయి బదులు లేజర్ ప్రింటరు.

అంత దూరం ఎందుకు, మన పెడన వెళ్లి చూడండి. చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు, ఒక రంగుకి ఒక అచ్చు, పక్క అచ్చుకి వెంట్రుక వాసి తేడా రాకుండా రోజంతా నిలబడి అద్దడమే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. రెండూ కలంకారీయే. పెడన వాళ్ల దగ్గరికెళ్లి మీది అచ్చు కదా, చేతిపని ఎలా అవుద్ది అని అడిగి చూడమనండి ఆయన్ని, ఏమంటారో.

అలాగని ఆయన మాటలో అసలు నిజం లేదని అననండి. రంగులన్నీ వేసేసి, హ్యాపీ న్యూ ఇయర్ అని అక్షరాలు కూడా ఉన్న కార్డు ఫైలు తెచ్చి, ఐవరీ షీటు అనే మందపాటి కాగితం మీద తీసి మధ్యకి మడిచి ఇచ్చేయండి అనేవాళ్లు నా దగ్గరికీ వస్తారు. అది ప్రింటే, చేతిపని కాదు, నేను చేసింది అని చెప్పుకుంటే నాకూ నవ్వొస్తుంది. నా లెక్కేంటంటే గీత వరకు మిషనుది అయినా పర్లేదు, ఆ తర్వాత మనిషి కూర్చోవాలి. ఎంతసేపు కూర్చున్నాడనేది కార్డు చూస్తే తెలిసిపోద్ది.

ఈ గీతల బొమ్మలు మా షాపుకి ఎలా వస్తాయో కూడా చెప్పాలి, ఎందుకంటే నూటికి తొంభై మంది కార్డు పాడయ్యేది ఇక్కడే. గూగుల్‌లో బొమ్మ కనిపించగానే స్క్రీన్‌షాట్ తీస్తారు, అది వాళ్ల చెల్లి వాట్సాప్‌కి వెళ్లి, అక్కడినుంచి నా వాట్సాప్‌కి వస్తుంది. వాట్సాప్ ఫొటోని ప్రతిసారీ నలిపి చిన్నది చేస్తుంది, ఫోన్ మీద బాగానే కనిపిస్తుంది, పేపరు మీదికొచ్చాక గీతల చుట్టూ దుమ్ము పట్టినట్టు బూజు బూజుగా ఉంటుంది. అప్పుడు మీ ప్రింటర్ బాలేదు బాబాయ్ అంటారు. నాలుగు అంగుళాలు బై ఆరు అంగుళాల బొమ్మ గీత పదునుగా రావాలంటే 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200 బై 1800 పిక్సెల్స్ కావాలమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, పీఎన్‌జీ ఫైలైతే ఇంకా మేలు, జేపీజీలో నల్ల గీత పక్కన చిన్న చిన్న మరకలు పడతాయి. ఇంకోటి, ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు ఫిట్ టు పేజ్ అనేదాన్ని అలాగే వదిలేస్తారు, నాలుగంగుళాలకి కొలిచి కట్ చేసుకున్న అట్ట మీదికి అయిదంగుళాల బొమ్మ వస్తుంది, అక్కడ యాక్చువల్ సైజ్ అని పెట్టుకోవాలి.

రంగుల దగ్గర పెద్ద గొడవ. ఒకావిడ పాపం స్కూల్లో పిల్లలకి ఇవ్వడానికి ముప్ఫై కార్డులకి బొమ్మలు ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీసుకుని వాటర్ కలర్ వేశారు, కుంచె తగలగానే నల్ల గీత కరిగి కాటుక కారినట్టు కారిపోయింది. చాలా ఇంక్‌జెట్ ఇంకులు నీళ్లలో కరిగే రంగుతోనే ఉంటాయండి, తడి తగిలితే అంతే. లేజర్ ప్రింటరులో టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి, వేడికి కాగితానికి కరుచుకుపోద్ది, దానికి నీళ్లంటే లెక్కలేదు. కాబట్టి వాటర్ కలర్ వేసేవాళ్లు లేజర్ ప్రింటు తీయించుకోండి. అదే స్పిరిట్ వాసన వచ్చే ఆల్కహాల్ మార్కర్లు వాడేవాళ్లకి ఇది తిరగబడుద్ది, కొన్ని టోనర్లు ఆల్కహాల్‌కి కదిలి మసి పూస్తాయి, ఆరిన ఇంక్‌జెట్ గీతే చాలాసార్లు నిలబడుతుంది, ముందు ఒక మూల గీసి చూసుకోవడం ఉత్తమం. కలర్ పెన్సిళ్లకి ఏదైనా ఒకటే, కాకపోతే నిగనిగలాడే ఫొటో పేపరు మాత్రం వద్దు, పెన్సిల్ జారిపోతుంది తప్ప పట్టదు.

ఆ ఫొటో పేపరు సంగతి వచ్చింది కాబట్టి నా తెలివితక్కువతనం కూడా చెప్పేస్తాను. ఒకసారి ఎవరో ఇంక్‌జెట్ గ్లాసీ పేపరు తెచ్చి దీని మీద తీయండి అంటే ఆలోచించకుండా లేజర్ మిషన్లో పెట్టేశాను, లోపలి వేడికి ఆ పేపరు మీది పూత కరిగి రోలరుకి అతుక్కుపోయింది, ఆ రోజు పోయిన డబ్బులు ఆ నెల కలర్ ప్రింట్ల మీద కూడా రాలేదు. అప్పటినుంచి కార్డులకి ఐవరీ షీటే. జీఎస్‌ఎమ్ అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, మామూలు జిరాక్స్ పేపరు 70, 75 జీఎస్‌ఎమ్ ఉంటుంది, కార్డు నిలబడాలంటే 250 దాకా కావాలి, ఇళ్లల్లో చిన్న ప్రింటర్లు చాలావాటికి అంత మందం మింగుడు పడదు. అలాంటప్పుడు బొమ్మని 100 జీఎస్‌ఎమ్ బాండ్ పేపరు మీద తీసి, రంగులేసుకుని, కత్తిరించి అట్టకి అతికించుకోవడం మేలు. జిగురు మాత్రం ఫెవికాల్ పలచగా, లేదంటే డబుల్ సైడ్ టేపు, ఫెవికాల్ పులిమితే కాగితం తడిసి అప్పడంలా వంకర తిరుగుద్ది.

మా ఆవిడ చేసే ఒక పని చెబుతాను, ఇది తెలిస్తే ఆ ఉత్తరం రాసినాయన కూడా ఒక కార్డు చేస్తాడు. గీతలు నల్లగా కాకుండా బాగా లేత బూడిద రంగులో తీయమంటుంది, అంటే నేను ఆ ఫైలు తెరిచి నలుపుని ఇరవై ముప్ఫై శాతానికి తగ్గిస్తాను, కాగితం మీద గీత ఉందా లేదా అన్నట్టుంటుంది. దాని మీద కలర్ పెన్సిళ్లు వేసుకుంటూ పోతే గీత రంగులో కలిసిపోయి చివరికి ప్రింటు అన్న ఆనవాలే ఉండదు, నువ్వే గీశావా అని అడుగుతారు. అవును అని మాత్రం చెప్పదండి, గీత కాదు రంగు నాది అంటుంది. ఇంకో పద్ధతి, ఒకే బొమ్మ మూడు కాపీలు తీసి, మొదటిది మొత్తంగా అతికించి, రెండోదాంట్లో పువ్వు మటుకు, మూడోదాంట్లో ముందు రేకులు మటుకు కత్తిరించి మధ్యలో ఫోమ్ టేపు ముక్కలు పెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చడం, పువ్వు లేచి వచ్చినట్టుంటుంది. ఇక మడత. లేజర్ ప్రింటు మీదుగా మడిస్తే టోనర్ పగిలి తెల్ల గీత పడుతుంది, అందుకని బొమ్మ మడత మీదికి రాకుండా చూసుకోవాలి, మడిచే చోట స్కేలు పెట్టి రీఫిల్ అయిపోయిన పెన్నుతో ఒక గీత నొక్కి అప్పుడు మడవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఉత్తరంలో ఆయన అడగాల్సిన ప్రశ్న ప్రింటా చెయ్యా అని కాదండి, బొమ్మ ఎవరిది అని. దీని గురించి మాట్లాడే అర్హత నాకు తక్కువే, ఎందుకో వినండి. నా దగ్గరికొచ్చే బొమ్మల్లో సగం వాటి మీద అడ్డంగా గీసినవాళ్ల పేరో వెబ్‌సైట్ పేరో లేతగా కనిపిస్తూనే ఉంటుంది, అది కాస్త తీసేయండి అన్నయ్యా అంటారు, ఒకప్పుడు తీసేసేవాణ్ణి, పది రూపాయలు ఎక్కువ తీసుకుని మరీ తీసేసేవాణ్ణి. నా మేనకోడలు బొమ్మలు గీస్తుంది, ఫోన్ మీదే వేలితో మొదలుపెట్టి ఇప్పుడు ట్యాబ్ కొనుక్కుంది, పల్లెటూరి బొమ్మలు, ముగ్గులేసే పిల్లలు, కోడిపుంజులు, ఇలాంటివి గీతలుగా ఒక్కోటి వంద రూపాయలకి ఆన్‌లైన్లో అమ్ముతుంది. పోయినేడు పండక్కి షాపుకొచ్చి బల్ల మీద ఆరబెట్టిన కార్డులు చూస్తూ చూస్తూ ఒక దాని దగ్గర ఆగిపోయి, మావయ్యా ఇది నేను గీసిందే అంది. మూల ఆ పిల్ల పేరుండాల్సిన చోట తెల్లగా తుడిచేసి ఉంది. తుడిచింది నేనే. ఎవరో నలభై కాపీలు తీయమంటే తీసిచ్చాను. ఏం చెప్పను. ఆ పిల్ల ఏమీ అనకుండా టీ తాగి వెళ్లిపోయింది, అదే ఇంకా బాగా గుచ్చుకుంది.

అప్పుడు ఈ కాపీరైటు సంగతి తెలుసుకున్నాను. మన 1957 చట్టం ప్రకారం బొమ్మ గీసిన మనిషి బతికున్నన్నాళ్లూ ఆ బొమ్మ మీద హక్కు వాళ్లది, పోయాక ఇంకో 60 ఏళ్లు వాళ్ల వారసులది. బాపు గారు 2014లో పోయారు, అంటే ఆయన బొమ్మలకి 2074 చివరి దాకా హక్కుదారులు ఉన్నట్టే, కానీ ఆయన బొమ్మ అచ్చేసిన పెళ్లికార్డులు ఎన్ని చూసుంటారు మీరు. రాజా రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఆయన వేసినవి ఎప్పుడో అందరివీ అయిపోయాయి. ఇక మా మేనకోడలిలాంటి వాళ్లు అమ్మే ఫైళ్లకి కొనేచోటే రాసి ఉంటుంది, మామూలుగా ఎలా ఉంటుందంటే ఆ బొమ్మతో కార్డులు చేసుకోవచ్చు, కొంతమందైతే చేసిన కార్డు అమ్ముకోవడానికి కూడా ఒప్పుకుంటారు, కానీ ఫైలు మాత్రం ఇంకొకళ్లకి పంపకూడదు. వంద రూపాయలండి. జీవితాంతం ఎన్ని కార్డులైనా చేసుకోవచ్చు. రెండు ప్లేట్ల టిఫిన్ డబ్బులు.

ఆ వంద కూడా పెట్టలేం అనేవాళ్లకి ఫ్రీగా, దర్జాగా వాడుకునే బొమ్మలు లక్షల్లో ఉన్నాయి. అమెరికాలో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు 2017లో, స్మిత్సోనియన్ వాళ్లు 2020లో తమ దగ్గరున్న పాత బొమ్మల ఫైళ్లు ఎవరైనా ఎలాగైనా వాడుకోండని తెరిచిపెట్టేశారు, స్మిత్సోనియన్ ఒక్కటే మొదటి విడతలో 28 లక్షలు పెట్టింది. కానీ నాకు ఇష్టమైంది మాత్రం మా ఊరిది. అవునండి, సామర్లకోటదే. ఓ రోజు బోటనీ చెప్పే లెక్చరర్ గారొకరు పెన్‌డ్రైవ్ తెచ్చి దీంట్లో నాలుగు కలర్ ప్రింట్లు తీయండి అన్నారు, తీస్తే మోదుగ పువ్వు, కాడతో సహా, నారింజ రంగు మండిపోతోంది. ఎక్కడిదండీ ఇది అంటే మీ ఊళ్లో వేసిందేనయ్యా అన్నారు.

1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఇక్కడ ఉండేవాడట, స్కాట్లండ్ మనిషి, మిరియాలు పండించి చూద్దామని ఇక్కడ తోట కూడా వేశాడు. చుట్టుపక్కల దొరికిన ప్రతి మొక్కకీ మనవాళ్ల చేతే బొమ్మ వేయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్లిపోయాడు గానీ ఆ బొమ్మల్లోంచి ఏరి 300 బొమ్మలతో ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్ అని లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలు వేశారు, మొక్కల తెలుగు పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. తాటి చెట్టు ఉంది, బీడీ చుట్టే తునికాకు ఉంది. అవి కూడా రాగి రేకు మీద చెక్కి గీత అచ్చేసి, చేత్తో రంగులు వేసినవేనండి, మళ్లీ అదే కథ. బొమ్మలు వేసిన మనవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకం మీద లేవు. ఎవరో తుడిచేసినట్టే. ఆ మాట వినగానే నాకు మేనకోడలు గుర్తొచ్చింది, ఊరికే చెబుతున్నాను.

ఆ పుస్తకం మొత్తం స్కాన్ చేసి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే వెబ్‌సైట్లో ఫ్రీగా పెట్టారు, ఎవరైనా దింపుకోవచ్చు. పాత కాగితం పసుపు కూడా ప్రింటులో వస్తుంది, కంప్యూటర్లో తెల్లగా చేయొచ్చు గానీ నేను కొంచెం ఉంచేస్తాను, బాగుంటుంది. పోయిన ఉగాదికి మోదుగ పువ్వుని రంగులు తీసేసి లేత గీతగా మార్చి మా షాపుకొచ్చే పిల్లలకి తలో ప్రింటు ఇచ్చాను. ఒకడు నీలం రంగు వేశాడు. మోదుగకి నీలం ఏంట్రా అంటే మా అమ్మకి నీలం ఇష్టం అన్నాడు, ఇంకేం మాట్లాడతాం.

పోస్టు గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఇంత చేసి చివర్లో దెబ్బతినేది అక్కడ. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా అయిదు రూపాయల స్టాంపు. 250 జీఎస్‌ఎమ్ ఎ4 షీటు ఒక్కటే దాదాపు 16 గ్రాములు తూగుద్ది, దాన్ని మధ్యకి మడిచి పెద్ద కార్డు చేసి, పైన పొరలు అతికించి, కవర్లో పెడితే 20 దాటిపోద్ది. అదే ఎ4ని సగానికి కోసి చిన్న కార్డు చేసుకుంటే 8 గ్రాములే, పొరలు, కవరు కలిపినా లోపలే ఉంటుంది, పైగా ఒక షీటుకి రెండు కార్డులు. బరువు చూసుకోకుండా అయిదు రూపాయలు అంటించి డబ్బాలో వేస్తే తక్కువైన దానికి రెట్టింపు అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. మా కస్టమర్ ఒకరు కొత్త వియ్యపురాలికి అలాగే పంపి మాట పడ్డారు.

ఇక మిమ్మల్ని ఒకటి అడుగుతానండి. సంక్రాంతి ముందు వచ్చే ఆదివారం అనుబంధంలో రంగులేయని గీతల బొమ్మ ఒకటి వేయండి, కింద గీసినవాళ్ల పేరు కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి, వాళ్లకి ఎంతో కొంత డబ్బులివ్వండి. పేపరు మీద స్కెచ్ పెన్ను వేస్తే వెనక్కి దిగిపోద్ది, న్యూస్‌ప్రింటు 50 జీఎస్‌ఎమ్ కూడా ఉండదు, కాబట్టి ఆ ఫైలు మీ వెబ్‌సైట్లో కూడా పెడితే పిల్లలు ఎక్కడి జిరాక్స్ షాపులోనైనా తీయించుకుంటారు, నా షాపుకే రావాలని ఏం లేదు, వస్తే ఆ వారం పిల్లలకి ఫ్రీ. మొదటి బొమ్మకి మా మేనకోడలు ఒప్పుకుంది, గంగిరెద్దు, గీతలు మటుకే, 300 డీపీఐ పీఎన్‌జీ. మెయిల్ చేయమంటారో పెన్‌డ్రైవ్‌లో తెచ్చివ్వమంటారో చెప్పండి. వాట్సాప్‌లో మాత్రం పంపనండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనరు,
సామర్లకోట, కాకినాడ జిల్లా